బ్రేకు మార్చాం, ఇంజన్ మార్చలేదు

మెకానికల్ వాళ్లకి ఐసీ ఇంజన్స్ ల్యాబ్‌లో సగానికి కోసి, రంగులేసి పెట్టిన ఇంజన్ ఒకటి ఉంటుంది కదా. దాని చుట్టూ నిలబడి రికార్డు రాసుకుంటాం, వైవా కోసం ఫైరింగ్ ఆర్డర్ బట్టీ పడతాం. నాకు అలాంటిదే ఒక ఇంజన్, కొయ్యకుండా, ఇంకా తిరుగుతూ, ఇంట్లోనే దొరికింది. సామర్లకోటలో మా ఇంటి పక్కన రేకుల షెడ్డులో 1974 నాటి అంబాసిడర్ మార్క్ టూ ఉంది. తాతయ్య దాన్ని 1986లో కాకినాడలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మా వీధి పెళ్లికూతుళ్లలో సగం మంది అందులోనే అత్తారింటికి వెళ్లారు. పెళ్లిళ్లు లేనప్పుడు ధాన్యం బస్తాలు ఎక్కేవి. నేను పుట్టే ముందు అమ్మని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లిందీ అదే.

కిందటేడు ఆ కారు గురించి ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. హైదరాబాద్ నుంచి వచ్చిన బాబాయ్ ఫోన్‌లో వీడియోలు చూపించి, "ఇంజన్ తీసేసి ఇసుజు ఇంజన్ పెట్టేద్దాం నాన్నా, ఐదు గేర్లు, ఏసీ, పవర్ స్టీరింగ్, మొత్తం కొత్త కారైపోద్ది" అన్నాడు. నాన్న అయితే అమ్మేస్తే షెడ్డు ఖాళీ అవుతుందన్నారు. తాతయ్య పేపర్లోంచి తల ఎత్తకుండా, "కొత్త కారు కావాలంటే కొత్త కారు కొనుక్కోండ్రా, దీన్నెందుకు చంపడం?" అన్నారు. మూడు వాదనల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. ఏది ఎంత నిజమో లెక్క తేలడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ ఎనిమిది నెలల గురించి.

ముందు కారు సంగతి

మనం "మన దేశపు కారు" అనుకునే అంబాసిడర్ అసలు ఇంగ్లండ్ కారు. ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ డిజైన్‌ని హిందుస్థాన్ మోటార్స్ తెచ్చుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారు చేసింది. అక్కడ వాళ్లు ఆ మోడల్‌ని కొన్నేళ్లలోనే ఆపేశారు. ఇక్కడ 1950ల చివర మొదలై 2014 మే దాకా నడిచింది. 2013లో బీబీసీ టాప్ గేర్ వాళ్లు ప్రపంచ దేశాల టాక్సీలకు పోటీ పెడితే అంబాసిడరే గెలిచింది. ఆ మరుసటి ఏడే ఫ్యాక్టరీ ఆగిపోయింది.

మా కారులో ఉన్నది బీఎంసీ బి-సిరీస్ కుటుంబానికి చెందిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. బోర్ 73.025 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ. నాలుగు సిలిండర్లకి వాల్యూమ్ కట్టి చూడండి, సరిగ్గా 1489 వస్తుంది. బోర్ కంటే స్ట్రోక్ ఎక్కువ కాబట్టి తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది, పరుగు మాత్రం తక్కువ. పవర్ దాదాపు 50 హార్స్‌పవర్. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటుంది. ఫస్ట్ గేర్‌కి సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా ఫస్ట్ వెయ్యాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి. తాతయ్య కొడితే చప్పుడే రాదు. బాబాయ్ కొడితే వీధి చివర కిళ్లీకొట్టు వాళ్లకి కూడా తెలుస్తుంది.

దీన్ని ముప్పై ఏళ్లకు పైగా చూసుకుంటున్నది మా మేస్త్రీ గారు. డెబ్బై దాటాయి. కాలవ దగ్గర చిన్న షెడ్డు. ఆయన పానాల పెట్టె తెరిస్తే మన ల్యాబ్‌లో కనపడని సైజులు ఉంటాయి. ఈ కారు బోల్టులన్నీ అంగుళాల లెక్కలో ఉంటాయి. అర అంగుళం అంటే 12.7 మి.మీ. 13 నంబరు పానా పెడితే పట్టినట్టే ఉంటుంది, కానీ గట్టిగా తిప్పితే ఆ 0.3 మి.మీ. ఖాళీ చాలు బోల్టు మూలలు గుండ్రం అయిపోవడానికి. "పాత బండి పాడయ్యేది వయసు వల్ల కాదు బాబూ, తప్పు పానా వల్ల" అనేది ఆయన మొదటి పాఠం.

రెండో పాఠం, కారు కింద కారే ఆయిల్. షెడ్డు నేల మీద ఎప్పుడూ రూపాయి బిళ్లంత మరక ఉంటుంది. బాబాయ్ దాన్ని చూపించి, ఇంజన్ అయిపోయిందనడానికి అదే సాక్ష్యం అన్నాడు. మేస్త్రీ గారు నవ్వి, "ఆయ్, అది రోగం కాదండీ, దాని పుట్టుకే అంత" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ఈ పాత బి-సిరీస్ ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ వెనక చివర రబ్బరు ఆయిల్ సీల్ ఉండదు. షాఫ్ట్ మీదే మర లాంటి గాడి కోసి ఉంటుంది. షాఫ్ట్ తిరిగేటప్పుడు ఆ గాడి ఆయిల్‌ని లోపలికి తోస్తుంది. ఇంజన్ ఆగితే తోసేవాడు ఉండడు కాబట్టి నాలుగు చుక్కలు కారతాయి. డిజైన్ ఎలా పనిచేస్తుందో తెలియకపోతే మంచి ఇంజన్‌ని కూడా రోగిష్టి అనుకుంటామని నాకు అప్పుడే అర్థమైంది.

కాలవ రోడ్డు మీద ఏం జరిగింది

కిందటేడు జూలైలో తాతయ్య, నేను కాకినాడ నుంచి కాలవ రోడ్డు మీద వస్తున్నాం. ముందు ఒక ట్రాక్టర్ నెమ్మదించింది. తాతయ్య బ్రేకు తొక్కితే పెడల్ నేలకి అంటుకుంది. ఏమీ దొరకలేదు. ఆయన ఒక్క మాట కూడా అనకుండా థర్డ్‌లోకి, సెకండ్‌లోకి దింపి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని ఎడమ పక్క మట్టిలోకి దించి ఆపారు. కుడి పక్కన కాలవ నిండుగా పారుతోంది. వెనక చక్రం వీల్ సిలిండర్‌లో రబ్బరు చిరిగి ఫ్లూయిడ్ అంతా కారిపోయిందని తర్వాత తెలిసింది.

మేస్త్రీ గారు రబ్బరు మార్చి గంటలో బండి ఇచ్చేస్తానన్నారు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిరిగింది ఒక చక్రం దగ్గర రబ్బరు. పోయింది మాత్రం నాలుగు చక్రాల బ్రేకు. ఎందుకంటే ఆ కాలపు మాస్టర్ సిలిండర్‌కి ఒకే సర్క్యూట్ ఉంటుంది. ఎక్కడ కన్నం పడినా ప్రెషర్ మొత్తం అక్కడి నుంచే పోతుంది. హ్యాండ్ బ్రేకు కేబుల్ మీద నడుస్తుంది కాబట్టి అదొక్కటే మిగిలింది. తాతయ్య వయసు డెబ్బై ఎనిమిది. ఆ రోజు ఆయన చెయ్యి ఒక్క సెకను ఆలస్యమైతే ఏమయ్యేదో నేను రాయను.

దీనికి మందు టాండెమ్ మాస్టర్ సిలిండర్. ఒకే గొట్టంలో వరసగా రెండు పిస్టన్లు, రెండు విడి సర్క్యూట్లు. ముందు చక్రాలకి ఒకటి, వెనక వాటికి ఒకటి. ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. తర్వాతి కాలపు అంబాసిడర్లలో ఇది వచ్చింది కాబట్టి విడిభాగం దొరుకుతుంది. మా ఊరికి ఒక అదృష్టం ఉంది. హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉన్నాం. ఒక కొసన కలకత్తా మల్లిక్ బజార్, ఇంకో కొసన చెన్నై పుదుపేట, మధ్యలో విజయవాడ ఆటోనగర్. పాత బండి సామాన్లు దొరికే చోట్లన్నీ ఒకే లైను మీద దండలా ఉన్నాయి. మాకు విజయవాడలోనే దొరికింది. బ్రాకెట్ మాత్రం కుదరలేదు. మా ఊరి లేత్ వర్క్స్‌లో ప్లేటు కోయించి, రంధ్రాలు వేయించాం. నేను ఆటోక్యాడ్‌లో గీసి తీసుకెళ్తే, లేత్ ఆయన ఆ కాగితం పక్కన పెట్టి, అట్టముక్క మీద పాత సిలిండర్ ఆనించి పెన్సిల్‌తో గీసుకున్నారు. ఆ అట్టముక్కే సరిగ్గా కుదిరింది.

పైపులన్నీ కొత్తవి వేశాం, రబ్బరు హోసులు మార్చాం. బ్రేకు ఫ్లూయిడ్ సంగతి ఒకటి చెప్పాలి, ఇది మీ బైకులకీ పనికొస్తుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి వస్తుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ మెత్తబడుతుంది. మన గోదావరి జిల్లాల తేమలో రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చడం వృథా ఖర్చు కాదు.

బాబాయ్ వాదనకి కూడా నాకు జవాబు ఇక్కడే దొరికింది. ఇసుజు 1817 సీసీ ఇంజన్ దాదాపు 75 హార్స్‌పవర్ ఇస్తుంది. హిందుస్థాన్ మోటార్సే 1990లలో అంబాసిడర్‌లో అది పెట్టి అమ్మింది, కాబట్టి కుదరని పని కాదు. కానీ కైనెటిక్ ఎనర్జీ వేగం వర్గంతో పెరుగుతుంది. 60లో వెళ్లే బండి 80లో వెళ్తే ఆపడానికి ఖర్చయ్యే శక్తి 1.78 రెట్లు. నాలుగు వైపులా డ్రమ్ బ్రేకులున్న, టన్ను దాటిన బండికి ముందు పరుగు నేర్పి, తర్వాత ఆగడం నేర్పుదామంటే ఎలా? అలాగని డిస్కులు ఒక్కటే తెచ్చి బిగిస్తే కుదరదు. డ్రమ్‌లో ముందు షూ తిరిగే దిశలో తనంతట తనే గట్టిగా పట్టుకుంటుంది. డిస్క్‌కి ఆ గుణం లేదు కాబట్టి ఎక్కువ ప్రెషర్ కావాలి, అంటే వాక్యూమ్ బూస్టర్ కూడా పెట్టాలి. ఒకటి మార్చితే దానికి తోడుగా ఇంకో రెండు మార్చాల్సి వస్తుంది.

షెడ్డు గోడ మీద అంకెలు

మిగిలింది ఇంజన్. అది నిజంగా అయిపోయిందా?

మేస్త్రీ గారికి ఒక అలవాటు ఉంది. ట్యాపెట్ గ్యాప్ చూసిన ప్రతిసారీ మా షెడ్డు గోడ మీద పెన్సిల్‌తో తేదీ, ఎనిమిది అంకెలు రాస్తారు. ఈ ఇంజన్‌కి గ్యాప్ 0.015 అంగుళం ఉండాలి. ఆయన భాషలో "పదిహేను థౌ". పాయింట్ల గ్యాప్ కూడా దాదాపు పదిహేనే, ప్లగ్గుది పాతిక. సెట్ చెయ్యకముందు ఎంత ఉందో రాసి, తర్వాత పదిహేనుకి సరిచేస్తారు. నేను చిన్నప్పుడు అవి ఫోన్ నంబర్లు అనుకునేవాణ్ణి. సెలవుల్లో ఒక రోజు కూర్చుని వాటన్నిటినీ ఎక్సెల్‌లో ఎక్కించి గ్రాఫ్ గీశాను.

గ్రాఫ్‌లో ఇన్‌టేక్ వాల్వులు నాలుగూ దాదాపు కదల్లేదు. ఎగ్జాస్ట్ వాల్వుల గ్యాప్ మాత్రం ప్రతిసారీ తగ్గుతోంది. అందులోనూ రెండో సిలిండర్‌ది, మూడో సిలిండర్‌ది అన్నిటికంటే ఎక్కువ. వాల్వు అరిగితే గ్యాప్ పెరగాలి కదా, తగ్గడమేమిటి అని రెండు రోజులు ఆలోచించాను.

జవాబు పెట్రోల్‌లో ఉంది. ఈ ఇంజన్ డిజైన్ చేసిన రోజుల్లో పెట్రోల్‌లో సీసం కలిపేవారు. కాలాక ఆ సీసం వాల్వు సీట్ల మీద పల్చటి పొరలా పేరుకుని వాటిని కాపాడేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఊపిరితిత్తులకీ, పిల్లల మెదడుకీ అది చాలా మంచి నిర్ణయం. కానీ పాత ఇంజన్లలో సీటు విడిగా ఉండదు, హెడ్ పోత ఇనుములోనే కోసి ఉంటుంది. పొర పోయాక ఎర్రగా కాలిన వాల్వు ఆ మెత్తటి ఇనుముని కొంచెం కొంచెంగా తినేసి లోపలికి కూరుకుపోతుంది. వాల్వు పైకి జరిగితే ట్యాపెట్ దగ్గర గ్యాప్ తగ్గుతుంది. మరి మధ్య రెండే ఎందుకు? ఈ హెడ్‌లో రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్‌కి ఒకే దారి. రెండిటి వేడీ అక్కడే చేరుతుంది. పుస్తకంలో చదివింది కాదు ఇది. మా షెడ్డు గోడ మీదే ఉంది, ఇన్నేళ్లుగా.

గ్రాఫ్ చూపిస్తే మేస్త్రీ గారు, "మధ్యలోవి కూచుంటన్నాయని నాకు తెల్సు. ఎందుకో మీరు చెప్పారు" అన్నారు. కంప్రెషన్ టెస్ట్ చేశాం. నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా వచ్చాయి. అంటే బోరు, పిస్టన్లు బాగానే ఉన్నాయి. ఇంజన్ మార్చాల్సిన అవసరమే లేదు. హెడ్ దింపి, ఎగ్జాస్ట్ సీట్ల చోట గట్టి ఉక్కు సీట్లు దిగ్గొట్టిస్తే చాలు. హెడ్‌ని రాజమండ్రి పంపించి ఆ పని చేయించాం. బాబాయ్ చెప్పిన ఇంజన్ ఖర్చుతో పోలిస్తే అది పదో వంతు కూడా కాలేదు.

ఇథనాల్, తేమ, కరెంటు

సీసం పోయాక ఇప్పుడు ఇథనాల్ వచ్చింది. 2023లో మొదలైన ఇ20 పెట్రోల్ ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ అదే. పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిపితే లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. కొత్త కార్లలో సెన్సార్ చూసుకుని ఇంధనం పెంచుతుంది. మా ఎస్‌యూ కార్బురేటర్‌కి సెన్సార్ ఎక్కడిది? దాని కింద జెట్ నట్టుని కొద్దిగా దింపి మిక్చర్ చిక్కబరిచాం. పాత రబ్బరు హోసుల్ని, పెట్రోల్ పంపు డయాఫ్రాన్ని ఇథనాల్ ఉబ్బిస్తుంది, పగలగొడుతుంది. వాటిని ఇథనాల్‌కి తట్టుకునే రకంతో మార్చాం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ ఉంచి బండి నిలబెట్టకూడదు. అందుకే వారానికోసారి భీమేశ్వర స్వామి గుడి దాకానో, పెద్దాపురం దాకానో తిప్పుతాం. తాతయ్యకి ఇది మందుల చీటీలో రాసినంత ఇష్టంగా ఉంది.

డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాం. డైనమో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిగ్గా చార్జ్ చెయ్యదు. రాత్రి గేటు దగ్గర నిలబడితే లైట్లు దీపాల్లా మినుకుమంటాయి. ఎవరైనా ఈ పని చేయించేట్టయితే ముందు ఒకటి చూసుకోండి. పాత బ్రిటిష్ డిజైన్లలో బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి ఎర్త్ చేసేవారు. అది గమనించకుండా ఆల్టర్నేటర్ కలిపితే డయోడ్లు క్షణంలో పోతాయి.

ఇంకో పని, ఎప్పుడో తీసేసిన థర్మోస్టాట్ మళ్లీ పెట్టాం. వేసవిలో బండి మరుగుతోందని మన దగ్గర చాలామంది దాన్ని పీకి పారేస్తారు. అప్పుడు ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, సిలిండర్ గోడల మీద ఆయిల్‌ని కడిగేస్తుంది, అరుగుదల పెరుగుతుంది. మరగడానికి అసలు కారణం రేడియేటర్‌లో బోరు నీళ్ల చిలుము. దాన్ని కడిగించి కూలంట్ పోస్తే థర్మోస్టాట్‌తోనే మే నెల గడిచింది.

చట్టం ఏమంటుంది

ఇంజన్ మార్చకపోవడానికి ఇంకో కారణం ఆర్‌సీ. అందులో ఇంజన్ నంబరు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు, రవాణా శాఖ అనుమతి కావాలి. 2021 జూలైలో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ నిబంధనలు తెచ్చింది. నంబర్ ప్లేటులో వీఏ అక్షరాలు వస్తాయి. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఇసుజు ఇంజన్ పెట్టిన రోజే మా కారు ఆ గౌరవం పోగొట్టుకుంటుంది. మేం ఇంకా ఆ రిజిస్ట్రేషన్‌కి వెళ్లలేదు. ఎందుకంటే వింటేజ్ బండిని ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతుకి తప్ప రోజువారీ పనులకి తిప్పకూడదు. గుడికి వెళ్లాలన్నా కుదరదు. మామూలు రిజిస్ట్రేషనే కొనసాగిద్దామంటే 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు. కారు మ్యూజియం వస్తువా, ఇంట్లో మనిషా అనేది ఇక్కడ డబ్బుల ప్రశ్నగా మారింది. తాతయ్య ఫీజు కట్టమన్నారు.

ఈ పనులన్నీ చేసేటప్పుడు మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రాణం మీదికి వచ్చేది మార్చాలి: బ్రేకులు, హోసులు, వైర్లు. తిరిగి మామూలుగా బిగించుకోగలిగేది మార్చొచ్చు. పాత మాస్టర్ సిలిండరూ, డైనమో గ్రీజు పూసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాం. ఒకసారి కోస్తే వెనక్కి రానిది మాత్రం కొలతలు తీసి, నిజంగా అవసరమని తేలితేనే ముట్టుకోవాలి. హెడ్‌లో సీట్లు అలా తేలినవే.

మేస్త్రీ గారి అబ్బాయిలిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. షెడ్డు ఎన్నాళ్లు నడుపుతారో ఆయనకే తెలియదు. మీ ఇంట్లో కూడా పాత పద్మినీయో, జావాయో, తాతగారి చేతక్‌ స్కూటరో ఉంటే, అమ్మాలా ఉంచాలా అనేది మీ ఇష్టం. కానీ దాన్ని ఇన్నాళ్లు చూసిన మెకానిక్ ఉండగానే ఒక ఆదివారం పుస్తకం పట్టుకుని వెళ్లి, గ్యాపులు, ఆయిల్ రకం, పానాల సైజులు, ఆ బండికి మాత్రమే ఉన్న రోగాలు అన్నీ రాసుకోండి. వాటిలో చాలావరకు ఏ మాన్యువల్‌లోనూ దొరకవు.

మా కారుకి ఇంకా పని ఉంది. వెనక షాక్ అబ్జార్బర్లు మార్చాలి, ముందు డోరు కింద తుప్పు పట్టింది. మొన్న సంక్రాంతి సెలవుల్లో హెడ్ బిగించాక రెండోసారి ట్యాపెట్లు చూశాం. ఫీలర్ గేజ్ నేను పట్టుకున్నాను, మేస్త్రీ గారు పక్కన స్టూలు మీద కూర్చున్నారు. రెండో ఎగ్జాస్ట్ పదిహేను, మూడో ఎగ్జాస్ట్ పదిహేను. గోడ మీద ఈసారి అంకెలు నన్నే రాయమన్నారు.